పాత అంబాసిడర్‌కి ఏ సీట్ బెల్టు? ముందు బోల్టుకి చోటు చూడండి

ఇంజన్ చేయించారు, రంగు వేయించారు, సీట్లు కొత్తగా కుట్టించారు, ఇక బెల్టులొక్కటే మిగిలాయని షాపుకెళ్తే అక్కడ నాలుగు రకాలు ముందు పెట్టి "ఏది కావాలన్నా ఉంది సార్, గంటలో బిగించేస్తాం" అంటారు. ఆ గంట అన్న మాట దగ్గరే అనుమానం రావాలి. పాత బండికి బెల్టు కొనడం పెద్ద పనేం కాదు, దాన్ని పట్టి ఉంచే గట్టి ఇనుము బండిలో ఎక్కడుందో వెతకడమే అసలు పని. కాబట్టి ఇక్కడ బెల్టుల గురించి ఎంత చెప్తానో బోల్టుల గురించి అంతకన్నా ఎక్కువే చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

నా కళ్ల ముందున్న బండ్లు అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్, పాత మహీంద్రా జీపులు. మన దగ్గర ముందు సీట్లకు బెల్టులు తప్పనిసరి అయింది 1994 మార్చి 25 తర్వాత తయారైన కార్లకి, వెనక సీట్లకి 2002 నుంచి. ఆ నిబంధనలు తయారీ తేదీని బట్టే వర్తిస్తాయి కాబట్టి అంతకు ముందు బండికి పెట్టించుకోవడం మన ఇష్టం మీద ఉన్న పని. బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ మొదలైంది 1957లో, వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ మూడు పాయింట్ల బెల్టు, అంటే నడుముని, భుజాన్ని పట్టి బండికి మూడు చోట్ల బిగిసేది, బండిలోకి వచ్చింది 1959లో. అంటే ఆ బాడీ గీసినవాళ్ల ఊహలో ఇలాంటి బెల్టే లేదు. అందుకే దానికి చోటు మనం వెతుక్కోవాలి.

## ముందు తేల్చుకోవాల్సినవి

లాగుడు ఎంత? 70 కిలోల మనిషి, గంటకు 50 కిలోమీటర్ల వేగం, ఎదురుగా గోడ. బండి ముందు భాగం నలిగి మనిషి ఓ అర మీటరులో ఆగాడనుకుంటే, బెల్టు మీద పడే సగటు లాగుడు ఒక టన్నూ నాలుగు వందల కిలోల దాకా ఉంటుంది. యూరప్ నియమాల్లో యాంకర్ పాయింట్లను, అంటే బెల్టు బండికి బిగిసే చోట్లను, పరీక్షించేటప్పుడు మూడు పాయింట్ల బెల్టుకి ఛాతీ పట్టీని దాదాపు 1,375 కిలోల బలంతో, అదే సమయంలో నడుం పట్టీని కూడా అంతే బలంతో లాగుతారు. యాభై ఏళ్ల నాటి ఫ్లోరు రేకుకి ఒట్టి వాషరేసి బిగించిన బోల్టు దీనికి నిలబడదు, రేకు చినిగి బోల్టూ వాషరూ కలిసి పైకి వచ్చేస్తాయి.

భుజం పాయింటు ఎక్కడ? పై యాంకరు మీ భుజం ఎత్తులో గానీ కాస్త పైన గానీ, భుజానికి వెనకగా ఉండాలి. భుజం కన్నా బాగా కిందికి ఉందంటే ఢీకొన్నప్పుడు పట్టీ భుజాన్ని కిందికి నొక్కుతుంది, ఆ బరువంతా వెన్నుపూస మీద పడుతుంది. ఇది చాలామంది పట్టించుకోని విషయం, ఆప్షన్లలో సగం ఇక్కడే ఎగిరిపోతాయి.

సీటు ఎలాంటిది? పాత అంబాసిడర్‌లో ముందు సీటు బెంచీ, ముగ్గురు కూర్చుంటారు, తలకి ఆనుడు ఉండదు. రెండు డోర్ల హెరాల్డ్‌లో ముందు సీటు ముందుకి వంగుతుంది. ఏదైనా సరే, బెల్టుని సీటు ఫ్రేముకి బిగించే ఆలోచన వదిలేయండి. ఆ సీటుని ఫ్లోరుకి పట్టి ఉంచే చిన్న బోల్టులు మీ బరువుతో పాటు సీటు బరువుని కూడా మోయాల్సి వస్తుంది.

మీరు నిజంగా పెట్టుకుంటారా? నవ్వకండి. చాలా ఇళ్లలో పాత బండికి పెట్టించిన బెల్టు సీటు సందులో మడతపడి, బకిల్ కుషన్ కిందికి జారిపోయి ఉంటుంది.

ఒరిజినాలిటీ. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి ప్రత్యేకంగా 'వీఏ' అక్షరాలున్న నంబరు ఇస్తారు, కానీ ఛాసీ, బాడీ షెల్, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. పిల్లర్ (డోర్ల మధ్య నిలువు స్తంభం) కోసి వెల్డింగ్ చేయించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ దారిలో వెళ్లేవాళ్లకి విప్పేస్తే మళ్లీ మామూలుగా అయ్యే పద్ధతే మేలు.

## నాలుగు రకాలు ఒకచోట

| రకం | భుజం పాయింటు కావాలా | వాడకంలో సుఖం | బండిలో కోత | నా మాట |
|---|---|---|---|---|
| నడుం బెల్టు, రెండు పాయింట్లు | అక్కర్లేదు | సులువు | ఫ్లోరులో చిల్లులు మాత్రమే | వేరే దారి లేనప్పుడు, బెంచీ సీటు మధ్యలో, వెనక సీట్లో |
| మూడు పాయింట్లు, రీలు (పట్టీని చుట్టుకునే పెట్టె) లేనిది | కావాలి | ఇబ్బందే | పిల్లర్‌లో ఒక పాయింటు | ఒకే డ్రైవరు నడిపే బండికి |
| మూడు పాయింట్లు, రీలు ఉన్నది | కావాలి | బాగుంటుంది | పిల్లర్‌తో పాటు రీలుకి చోటు | చాలామందికి ఇదే |
| నాలుగు పాయింట్ల రేసింగ్ బెల్టు | వెనక రెండు కావాలి | చాలా ఇబ్బంది | ఎక్కువ | రోడ్డు బండికి వద్దు |

### నడుం బెల్టు

మెకానిక్‌లు ముందు చూపించేది ఇదే, ఎందుకంటే రెండు బోల్టులతో పని అయిపోతుంది. ఇది మనిషిని బండిలోంచి బయటికి పడిపోకుండా ఆపుతుంది. పాత డోరు తాళాలు ఢీకొన్నప్పుడు తెరుచుకునే రకం కాబట్టి ఇది తక్కువ లాభమేమీ కాదు. కానీ నడుం దగ్గర ఆపి పైభాగాన్ని వదిలేస్తుంది. డ్రైవరు సీట్లో కూర్చున్నవాడి తల, ఛాతీ నేరుగా స్టీరింగ్ మీదికి వెళ్తాయి, పాత బండ్లలో ఆ స్టీరింగ్ కడ్డీ దెబ్బకి ముడుచుకునే రకం కాదు.

ఇంకో సంగతి, ఈ పట్టీ తొడ ఎముకలకి పైన, తుంటి ఎముకల మీద కూర్చోవాలి. యాంకర్లు బాగా వెనక్కి పెడితే పట్టీ పైకి జారి పొట్ట మీదికి వస్తుంది, అప్పుడు ప్రమాదంలో లోపలి అవయవాలకే దెబ్బ. బెల్టు పెట్టుకుని పక్కనుంచి ఎవరిచేతనైనా చూపించుకోండి, పట్టీ తొడ మీదుగా దిగి నేలతో సుమారు 45 నుంచి 75 డిగ్రీల వాలులో ఉంటే బాగున్నట్టు.

### రీలు లేని మూడు పాయింట్లు

60ల నాటి కార్లకి చూడ్డానికి నప్పేది ఇదే. రీలు ఉండదు కాబట్టి చెడిపోయేదీ తక్కువే, పిల్లర్ దగ్గర పెట్టె కనపడదు, ఒరిజినాలిటీ పిచ్చి ఉన్నవాళ్లకి నచ్చుతుంది.

మరి గొడవెక్కడ? పట్టీ బిగుతుగా సర్దుకుంటే గానీ పని చేయదు, బిగుతుగా సర్దుకుంటే ముందుకి వంగలేరు. డ్రైవరు సీట్లో బిగించుకుని కూర్చుని చోక్ నాబ్, లైట్ల స్విచ్చి, వైపర్ స్విచ్చి, హ్యాండ్‌బ్రేకు అందుతాయేమో ఒక్కసారి చూడండి. పాత డ్యాష్‌బోర్డులో ఇవన్నీ దూరంగా ఉంటాయి. అందకపోతే మనిషన్నవాడు ఏం చేస్తాడు, పట్టీని నాలుగు వేళ్లు వదులు చేస్తాడు, ఆ వదులులోనే బెల్టు ప్రయోజనం సగం పోతుంది. పైగా ఇంట్లో ముగ్గురు నడిపే బండైతే ఎక్కిన ప్రతిసారీ పొడవు సర్దాలి. ఒక్కరే నడిపితే, అన్నీ చేతికందితే, ఇది చక్కటి ఎంపిక.

### రీలు ఉన్న మూడు పాయింట్లు

ఇప్పటి కార్లలో ఉండేది. మామూలుగా వదులుగా వస్తుంది, గట్టి బ్రేకు పడితే పట్టేస్తుంది. లోపల రెండు ఏర్పాట్లుంటాయి, ఒకటి పట్టీని విసురుగా లాగితే పట్టేది, రెండోది బండి వేగం ఉన్నట్టుండి తగ్గినా, బండి బాగా వాలినా పట్టేది. ఈ రెండోదానిలో చాలావాటికి ఒక చిన్న గుండు ఉంటుంది, రీలు నిటారుగా ఉంటేనే అది సరిగ్గా పని చేస్తుంది. ఇక్కడే అంబాసిడర్ లాంటి బండ్లలో తిప్పలు. పిల్లర్ అడుగు భాగం వంకరగా ఉంటుంది, రీలుని ఆ వంకరకే బిగించేస్తారు, ఇక కొత్త బెల్టు లాగితే రాదు, రెండు వేళ్ల పొడవు వచ్చి టక్కున ఆగిపోతుంది. బెల్టు డిఫెక్ట్ పీసని షాపువాడితో గొడవపడతారు, నిజానికి రీలు పక్కకి వాలి ఉంది, అంతే.

కాబట్టి కొనేటప్పుడే మీ పిల్లర్ వాలు తెలిసి ఉండాలి. బ్రాకెట్ కోణం మార్చుకోగలిగే రీళ్లు దొరుకుతాయి, అవి అడగండి. రీలుని ఎటు పైకి పెట్టాలో దాని మీదే బాణం గుర్తు గానీ, కూడా వచ్చే కాగితంలో బొమ్మ గానీ ఉంటుంది.

పైన పట్టీ తిరిగే కొక్కెం అంటే డీ-లూప్ విషయంలో కూడా ఒక మాట. అది స్వేచ్ఛగా అటూ ఇటూ ఊగాలి. దానికి మెడ ఉన్న బోల్టు, స్పేసరు, అలల వాషరు కలిపి ఇస్తారు. మెకానిక్ ఆ స్పేసరుని పక్కన పడేసి మామూలు బోల్టుతో బిర్రుగా బిగించేస్తే డీ-లూప్ కదలదు, పట్టీ ఒక మూలకి ముద్దలా చేరి రీలులోకి వెనక్కి పోదు. బండి తీసుకునే ముందు చేత్తో ఊపి చూడండి.

### నాలుగు పాయింట్లు

ఫొటోల్లో భలే ఉంటుంది. రోడ్డు మీద తిరిగే అంబాసిడర్‌కో పద్మినికో మాత్రం నేను వద్దనే చెప్తాను. భుజాల పట్టీలు రెండూ సీటు వెనక దాదాపు అడ్డంగా వెళ్లి ఒక గట్టి కడ్డీకి చేరాలి. మోటార్ స్పోర్ట్ నియమాలు అడ్డానికి 45 డిగ్రీలకి మించి కిందికి దిగకూడదంటాయి, వీలైతే 10 డిగ్రీల లోపే మంచిదంటాయి. మనవాళ్లు వెనక సీటు కింద ఫ్లోరుకి బిగిస్తారు. ఇందాక చెప్పిన వెన్నుపూస గొడవ ఇక్కడ రెండు భుజాల నుంచీ వస్తుంది. పైగా కాళ్ల మధ్య ఐదో పట్టీ లేకపోతే మనిషి నడుం పట్టీ కిందనుంచి ముందుకి జారిపోతాడు. రోల్ కేజ్ (బోల్తా పడితే కాపాడే కడ్డీల చట్రం), బకెట్ సీట్లు వేసి ర్యాలీకి తయారుచేసే బండి అయితే అది వేరే లెక్క.

## బండిని బట్టి

అంబాసిడర్, పద్మిని ఉన్నవాళ్లకి ఒక పెద్ద అదృష్టం ఉంది, చాలామందికి అది తట్టదు. ఈ రెండు బండ్లూ 1994 తర్వాత కూడా తయారయ్యాయి, అంబాసిడర్ అయితే 2014 దాకా వచ్చింది. అంటే ఆ చివరి బండ్లకి కంపెనీయే బెల్టులు పెట్టి అమ్మింది. మీకు తెలిసినవాళ్ల దగ్గర 90ల చివరి బండి ఉంటే టేపు పట్టుకుని వెళ్లండి, పిల్లర్ మీద పై బోల్టు ఎంత ఎత్తులో ఉంది, కింది బోల్టు ఎక్కడ పడింది, బకిల్ ఎక్కడినుంచి పైకి వచ్చింది, అన్నీ కొలుచుకోండి, ఫొటోలు తీసుకోండి. తుక్కు కింద పోయే బండి దొరికితే ఇంకా మంచిది, ఆ పిల్లర్ కోయించి లోపల బోల్టు వెనకాల ఏం రేకు, ఎంత మందం పెట్టారో కళ్లారా చూడొచ్చు. చోటు ఒక్కటే కాపీ కొట్టి లోపలి ఆ బలం పెట్టకపోతే మాత్రం చేసిందంతా దండగ.

స్టాండర్డ్ హెరాల్డ్ విషయం వేరు. దాని బాడీ విడిగా ఛాసీ మీద బోల్టులతో కూర్చుంటుంది. మూడు పాయింట్లలో ఒకటి ఛాసీకి, రెండోది బాడీకి పడితే ఢీకొన్నప్పుడు రెండూ తలో రకంగా కదలొచ్చు. అన్ని పాయింట్లూ బాడీకే పడేలా చూసుకోవాలి, తుప్పు లేని ఫ్లోరుంటేనే ఇది కుదిరే పని. కొన్ని పాత ఫియట్లలో ముందు డోరు వెనకవైపు కీలు మీద తెరుచుకుంటుంది, కీలు మధ్య పిల్లర్‌కే ఉంటుంది, అక్కడ బెల్టు కింది చివర డోరులో నలగకుండా చూసుకోవాలి.

జీపు ఉన్నవాళ్లకి పిల్లరే లేదు. రెండే మార్గాలు. నడుం బెల్టుతో సరిపెట్టుకోవడం, లేదా ఛాసీదాకా బలంగా దిగే రోల్ బార్ (బోల్తా పడితే తలకి అడ్డుండే కడ్డీ) వేయించి దానికి మూడు పాయింట్ల బెల్టు కట్టడం. ఒట్టి బాడీ రేకుకి నాలుగు బోల్టులతో నిలబెట్టిన అలంకారం కడ్డీని రోల్ బార్ అనుకోవద్దు. ఘాట్ రోడ్లు, పొలం గట్లు ఎక్కించే జీపులో బోల్తా భయమే ఎక్కువ కాబట్టి నాకైతే రెండోదే సరైన దారి. డ్రిల్లు పెట్టే ముందు ఇంకోటి: పాత విల్లీస్ తరహా జీపుల్లో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. ట్యాంకు దించకుండా అక్కడ చిల్లులు పెడతాననే మనిషికి బండి ఇవ్వకండి, వెల్డింగ్ అన్నాడంటే అసలే ఇవ్వకండి.

అమెరికాలో పాత కార్లు కొనుక్కుంటున్న మనవాళ్లకి ఇంత తలనొప్పి లేదు. అక్కడ కొత్త కార్లకి బెల్టులు 1968 జనవరి 1 నుంచి తప్పనిసరి, అంతకు కొన్నేళ్ల ముందు బండ్లలో కూడా కార్పెట్ ఎత్తితే నడుం బెల్టు పాయింట్లు చాలాసార్లు దొరుకుతాయి.

## బిగింపు

ముందు తుప్పు. ఫ్లోరు మ్యాట్లు, పిల్లర్ ట్రిమ్ పీకించి స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ పోండి. మంచి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్న రేకు మొద్దుగా మోగుతుంది. కొత్తగా రంగు వేసిన బండైతే గుడ్డ ముక్కలో చుట్టిన అయస్కాంతం తీసుకెళ్లండి, అది అతుక్కోని చోట రంగు కింద లప్పం ఉన్నట్టు. లప్పం మీద బెల్టు బిగించడం గోడ మీది క్యాలెండర్ మేకుకి ఊయల కట్టడం లాంటిది. ముందు ఆ భాగం కోసి కొత్త రేకు వేయించాలి.

తర్వాత ప్లేటు. మోటార్ స్పోర్ట్‌లో కొత్త యాంకరు పెట్టేటప్పుడు కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 40 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న స్టీలు ప్లేటు వేయాలంటారు, అంటే సుమారు 65 మిల్లీమీటర్ల చతురస్రం. రోడ్డు బండికి ఇంతకు తగ్గకుండా పెట్టించండి. ప్లేటు బెల్టుకి అవతలి వైపు, ఫ్లోరు కింద ఉండాలి, లాగుడు వచ్చినప్పుడు అది రేకుని అదుముకోవాలి. మూలలు గుండ్రంగా అరగదీయించండి, మొన తేలిన మూలే రేకుని కోస్తుంది. ఫ్లోరు వంపుకి తగ్గట్టు ప్లేటు వంచాలి, గాలి సందు ఉండకూడదు. రెడ్ ఆక్సైడ్, సీలెంటు లేకుండా వదిలేస్తే రెండు వర్షాకాలాల్లో తుప్పు మళ్లీ మొదలు.

పిల్లర్ లోపల బోలు, చెయ్యి పట్టదు. అక్కడ లోపలినుంచి నట్టు అతికిన ప్లేటు వెల్డ్ చేయించడమే సరైన పని, ఇది టింకరింగ్ జరుగుతున్నప్పుడే, రంగుకి ముందే అవ్వాలి. రివెట్ నట్టు, రేకు స్క్రూ, బోలు పిల్లర్‌ని అటునుంచి ఇటు పొడిచి నలిపేసే పొడుగు బోల్టు, ఈ మూడింటిలో ఏది వినపడినా బండి వెనక్కి తెచ్చేసుకోండి.

బోల్టు ప్రపంచమంతటా ఎక్కువగా 7/16 అంగుళాల యూఎన్ఎఫ్ (సన్న మర రకం), అంగుళానికి 20 మరలు. బెల్టుతో పాటే వస్తుంది, అదే వాడాలి. అది పోగొట్టుకుంటే, కనీసం ఎం12 (12 మిల్లీమీటర్లది), తల మీద 8.8 అని బలం ముద్ర ఉన్నది. రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఏ బోల్టైనా దొరుకుతుంది, తల మీద ముద్ర లేనిది మాత్రం తీసుకోకండి.

బెల్టు మీద ఐఎస్ 15140 అని గానీ, గుండ్రంలో ఇంగ్లిష్ 'ఈ' అక్షరం పక్కన అంకె గానీ ఉన్న లేబుల్ చూడండి. తుక్కు షాపులో మోడరన్ కారు బెల్టు చవగ్గా వస్తుందని ఆశపడొద్దు. ఒకసారి ప్రమాదంలో లాగుడు తిన్న పట్టీ సాగిపోయి ఉంటుంది, పైకి కనపడదు. ఎయిర్‌బ్యాగ్ బండ్ల రీళ్లలో బెల్టుని బిగించడానికి చిన్న పేలుడు మందు ఉండే రకాలున్నాయి, వాటిని మీ బండికి పెట్టి ఉపయోగం లేదు, విప్పబోతే ప్రమాదం.

## ఎవరికి ఏది

బండి మొత్తం విప్పి మళ్లీ కడుతున్నారా, రెండో ఆలోచన వద్దు, రీలు ఉన్న మూడు పాయింట్లు, పిల్లర్‌లో ప్లేటు వెల్డింగ్. ఇంతకన్నా మంచి అవకాశం మళ్లీ రాదు.

రంగు నిన్ననే అయిపోయింది, ఇప్పుడు కోయించలేను అనేవాళ్లు ఫ్లోరు పాయింట్లు సరిగ్గా పెట్టించి నడుం బెల్టులు వేసుకోండి, వేగం తగ్గించుకోండి, హైదరాబాద్-విజయవాడ హైవే మీద లారీల మధ్య ఆ బండితో పోటీలకి పోకండి. భుజం పాయింటు తర్వాత కలుపుకోవచ్చు. సగం బలం ఉన్న మూడు పాయింట్ల కన్నా గట్టిగా కూర్చున్న రెండు పాయింట్లనే నేను నమ్ముతాను.

వీఏ నంబరుకి వెళ్లే షో బండికి రీలు లేనిదే నప్పుతుంది, అదీ పిల్లర్ ట్రిమ్ వెనక ఉన్న సందులోంచి ప్లేటు లోపలికి దించి, షెల్ కోయకుండా బోల్టు చేయగలిగితేనే. కుదరకపోతే నడుం బెల్టు.

పెళ్లిళ్లకి అద్దెకిచ్చే బండైతే ఎక్కే మనిషి రోజుకొకడు, పట్టీ పొడవు సర్దే ఓపిక ఎవరికీ ఉండదు. రీలు ఉన్నదే.

చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో వెనక సీటే ముఖ్యం. పిల్లల బూస్టర్ సీట్లకి భుజం పట్టీ కూడా ఉండాలి, నడుం బెల్టు ఒక్కటి చాలదు. వెనక అద్దం కింద ఉండే షెల్ఫ్ పల్చటి రేకు, దానికి రీలు బిగించాలంటే కింద డిక్కీలోంచి పెద్ద ప్లేటు వేయించాలి. ముందు సీట్లకి ఖర్చు పెట్టి వెనక వదిలేసేవాళ్లే ఎక్కువ, పిల్లలుంటే లెక్క తిరగేయండి.

అంతా అయ్యాక డోర్లు మూసి చూడండి, పట్టీ నలగకూడదు. పట్టీ మెడకి రాసుకోకుండా భుజం మధ్యలోంచి పోవాలి, బకిల్ తుంటి పక్కన ఉండాలి, పొట్ట మీదికి రాకూడదు. ఖాళీ రోడ్డు మీద ముప్పై వేగంలో గట్టిగా బ్రేకు కొడితే రీలు పట్టాలి. మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత బండిని ర్యాంపు ఎక్కించి కింద ప్లేట్లు, నట్లు మళ్లీ ఒకసారి చూపించండి, కొత్త సీలెంటు ఒదిగాక నట్టు కాస్త వదులవ్వడం మామూలే.